మన సరిహద్దు ఊళ్లకు బస్సెందుకు తక్కువ? డబ్బు, సర్వీసులు, ప్రయాణికుల లెక్కలపై తరచుగా అడిగే ప్రశ్నలు

చంద్రపూర్, బల్లార్షా, రాజురా, గడ్‌చాందూర్, అహేరి, సిరోంచ వైపు ఉండే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మనలో చాలామందికి చుట్టాలు తెలంగాణలో ఉంటారు, కొందరికి ఒడిశాలోని బరంపురం, రాయగడల్లోనూ ఉంటారు. పండక్కి కలిసినప్పుడు "మా దగ్గర బస్సు ఫ్రీ, మీ దగ్గర సగం టికెట్టే" అన్న మాటతో మొదలై, ఎవరి ప్రభుత్వం గొప్పదన్న వాదన దాకా పోతుంది. ఆ వాదనలో అసలు అడగాల్సినవి మరుగున పడిపోతున్నాయి.

మనది సబర్బన్, అంటే రోజూ పెద్ద ఊరికి పోయొచ్చే శివారు ప్రాంతమా? ఆ మాట ముంబయిది కదా?

కాగితం మీద మనది సబర్బన్ కాదు. ప్రయాణాన్ని బట్టి చూస్తే అవును. బల్లార్‌పూర్ (స్టేషన్ పేరు బల్లార్షా) నుంచి చంద్రపూర్‌కు దాదాపు 15 కిలోమీటర్లు. బొగ్గు గనులు, పేపర్ మిల్లు, థర్మల్ పవర్ స్టేషన్, కాలేజీలు, కలెక్టరాఫీసు, పెద్దాసుపత్రి అన్నీ ఈ చుట్టుపక్కలే. వార్ధా నది దాటితే రాజురా. పొద్దున పోయి సాయంత్రం ఇంటికొచ్చే జనం వేలల్లో ఉంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం చంద్రపూర్ నగరంలో 3.2 లక్షలు, బల్లార్‌పూర్‌లో 89 వేలు.

రైల్వే మాత్రం ముంబయి, కోల్‌కతా, చెన్నై లాంటి కొన్ని నగరాల లైన్లనే సబర్బన్‌గా లెక్కేస్తుంది. మన బల్లార్షా ఢిల్లీ–చెన్నై మెయిన్ లైన్లో పెద్ద జంక్షన్. దూరపు రైళ్లకు అది ముఖ్యమైన స్టేషనే, రోజూ తిరిగేవాడి అవసరానికి మాత్రం ఆ జాబితాలో చోటు లేదు. జాబితాలో లేకపోతే ఆ పద్దు కింద డబ్బు రాదు.

రెండు ప్రాంతాల బస్సులను పోల్చాలంటే ఏ అంకెలు చూడాలి?

"మా రాష్ట్రానికి ఇన్ని వేల బస్సులు" అన్న అంకెతో మీ ఊరి సంగతి తెలియదు. మహారాష్ట్ర ఎస్టీకి, అంటే ఇక్కడి ఆర్టీసీకి, సుమారు 15 వేల బస్సులు, 250 డిపోలు ఉన్నాయి. జివతి కొండల మీద ఊరికి సాయంత్రం ఏడింటికి బస్సుందా అని ఆ అంకెనడిగితే ఏం చెబుతుంది?

చూడాల్సినవి వేరు. ఒక తాలూకాలో బస్సులు రోజుకు మొత్తం ఎన్ని కిలోమీటర్లు నడుస్తున్నాయి, దాన్ని జనాభాతో భాగిస్తే తలకు ఎంత వస్తుంది. మొదటి బస్సు ఎన్నింటికి, చివరి బస్సు ఎన్నింటికి. రాసి ఉన్న ట్రిప్పుల్లో నిజంగా నడిచినవెన్ని. ఆ తర్వాతే ఎంతమంది ఎక్కారన్న లెక్క. ఆర్టీసీ వాళ్లు ఈపీకే అంటే కిలోమీటర్‌కు వచ్చిన ఆదాయం, సీపీకే అంటే కిలోమీటర్‌కు అయిన ఖర్చు, ఓఆర్ అంటే సీట్లు ఎంత శాతం నిండాయన్నది. మన ఎస్టీ డిపోల్లో ఆ ఓఆర్‌నే భారమాన్ అంటారు.

భారమాన్ తక్కువున్న బస్సును తీసేయడం న్యాయమే కదా?

చూడ్డానికి న్యాయంగానే కనిపిస్తుంది. ఊళ్లకు జరుగుతున్న నష్టమంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చూడండి.

ఒక ఊరి నుంచి పొద్దున ఏడింటి బస్సులో 40 మంది టౌనుకు వెళ్లారనుకుందాం. తిరుగు ప్రయాణంలో అందరూ ఒకే బస్సెక్కరు. ఒంటిగంట బస్సుకు 15 మంది, నాలుగింటికి 17 మంది, రాత్రి ఏడింటికి 8 మంది. బస్సుకు 44 సీట్లు. ఏడింటి బస్సు భారమాన్ 18 శాతం. డిపో కాగితాల్లో అది దండగ ట్రిప్పు, కాబట్టి ముందు దాని మీదే వేటు పడుతుంది.

మరి ఆ 8 మంది ఎవరు? బట్టల కొట్లో పనిచేసే అమ్మాయి, ట్యూషన్ అయ్యాక బయల్దేరే పిల్లలు, ఆసుపత్రిలో సాయంత్రం ఓపీ చూపించుకున్న పెద్దాయన. తిరిగొచ్చే బస్సు లేదంటే వాళ్లు పొద్దున కూడా ఎక్కరు. పొద్దుటి బస్సులో 40 కాస్తా 32 అవుతుంది. మిగిలినవాళ్లలోనూ "ఒకవేళ ఆలస్యమైతే ఎలా" అన్న టెన్షన్ మొదలవుతుంది. ఏడాది తిరిగేసరికి ఇంటికో బండి కొంటారు, కిస్తీ కడతారు. అప్పుడు పొద్దుటి బస్సు భారమాన్ కూడా పడిపోయి, "ఈ రూట్లో జనం లేరు" అని రాస్తారు. జనం ఉన్నారు, వాళ్లకు తిరుగు బస్సు లేకుండా చేశారు.

అందుకే ఒక్కో ట్రిప్పును విడివిడిగా తూచకూడదు. రూటు మొత్తాన్ని రోజు మొత్తం మీద చూడాలి.

టికెట్ డబ్బులతోనే బస్సు నడవదా?

నడవదు. దేశంలో చాలా పెద్ద ఆర్టీసీలకైనా, సబర్బన్ రైళ్లకైనా అంతే. టికెట్ ఆదాయం పోగా మిగతాది నాలుగు దార్లలో వస్తుంది: రాయితీ టికెట్లకు ప్రభుత్వం కట్టే తేడా, కొత్త బస్సులకు ఇచ్చే మూలధనం, జీతాలకు లేదా నష్టానికి ఇచ్చే సాయం, నడిపిన కిలోమీటర్లకు ఇచ్చే చెల్లింపు. ఇందులో ఏ దారిలో వచ్చిందన్నదాన్ని బట్టి ఏ ఊరికి మేలు జరుగుతుందో మారిపోతుంది.

రైల్వే కూడా ప్రయాణికుల టికెట్ మీద సగటున 46 శాతం తామే భరిస్తున్నామని చెబుతోంది. ఏడాదికి 56,993 కోట్లని పార్లమెంటులో చెప్పిన లెక్క. కాబట్టి పల్లె బస్సుకు సాయం అడగడానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

తెలంగాణ మహాలక్ష్మి, మహారాష్ట్ర సగం టికెట్, ఆంధ్ర స్త్రీశక్తి: ఏది మంచిది?

మహారాష్ట్రలో ఆడవాళ్లకు ఎస్టీ బస్సుల్లో సగం టికెట్ 2023 మార్చి 17న మొదలైంది. అంతకు ముందు 2022 ఆగస్టులో 75 ఏళ్లు దాటినవాళ్లకు ఉచితం చేశారు, 65 నుంచి 75 మధ్యవాళ్లకు సగం ఉంది. ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకాలుగా తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబర్ 9న, ఆంధ్రలో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న వచ్చాయి. మూడూ మంచివే. ఇంట్లో మగవాళ్లను డబ్బులడక్కుండా ఆడమనిషి గడప దాటగలగడం చిన్న సంగతి కాదు, దాన్ని దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను.

అయితే లెక్క ఎలా నడుస్తుందో తెలుసుకోవాలి. 2025 జులై నాటికి తెలంగాణలో 200 కోట్ల జీరో టికెట్లు (ఉచిత ప్రయాణాలు) పూర్తయ్యాయని, వాటి విలువ 6,680 కోట్లని ప్రభుత్వం ప్రకటించింది. భాగించి చూస్తే ఒక్కో ప్రయాణానికి సుమారు 33 రూపాయలు. ఈ డబ్బు టికెట్ వెంట వెళుతుంది. టికెట్ పుట్టాలంటే బస్సుండాలి. రోజుకు ఇరవై బస్సులు తిరిగే ఊరికి ఇరవై బస్సుల రాయితీ అందుతుంది, బస్సే రాని ఊరి ఆడవాళ్లకు అదే పథకం కింద ఒక్క రూపాయీ రాదు. పథకంలో తప్పు లేదు. కాకపోతే బస్సులు తక్కువున్న చోట్లకు బస్సులు తేవడమన్నది దాని పని కాదు, ఆ పనికి వేరే డబ్బు కావాలి. సరిహద్దు తాలూకాలకు దొరకనిది ఆ వేరే డబ్బే.

నా ఆధార్ మహారాష్ట్రది, పుట్టిల్లు ఆసిఫాబాద్. తెలంగాణ బస్సులో జీరో టికెట్ ఇస్తారా?

ఇవ్వరు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. కార్డున్నవాళ్లకైనా ఆ రాష్ట్ర హద్దు దాకే ఉచితం, ఇటువైపు టికెట్ కొనాలి. మహారాష్ట్ర సగం టికెట్ కూడా మన హద్దు దాకే. ఆంధ్రలోనైతే రాష్ట్రం దాటే బస్సులకు స్త్రీశక్తి అసలు వర్తించదు. ఇచ్ఛాపురం మీదుగా బరంపురం వెళ్లేవాళ్లు, పర్లాకిమిడి వైపు వెళ్లేవాళ్లు అది గుర్తుంచుకోవాలి.

రాజురా నుంచి ఆసిఫాబాద్ దారిలో ఇది కళ్లారా కనిపిస్తుంది. లక్కడ్‌కోట్ దగ్గర మహారాష్ట్ర అయిపోతుంది, ఆ తర్వాత వాంకిడి. ఒకే సీట్లో కూర్చున్న ఒకే మనిషి కోసం కండక్టర్ మిషన్లో హద్దుకు ఇవతల ఒక లెక్క, అవతల ఇంకో లెక్క కొట్టాలి. వెనక నలుగురు చిల్లర పట్టుకుని నిలబడి ఉంటారు. "సగం ఎక్కడిదాకా బాబూ?" అని పెద్దావిడ అడుగుతుంది. ఆయన విసుక్కోకుండా చెప్పే రోజులున్నాయి, బస్సు కిక్కిరిసి చెప్పలేని రోజులూ ఉన్నాయి. రెండు ప్రభుత్వాలు కూర్చుని, సరిహద్దుకు అటూ ఇటూ మొదటి పెద్ద బస్టాండు దాకా ఒకరి రాయితీని ఒకరు ఒప్పుకుంటే ఈ బాధ ఉండదు. దానికయ్యే ఖర్చు రెండు ఖజానాలకూ లెక్కలోకి వచ్చేది కాదు.

ఒడిశాలో వేరే పద్ధతి ఉందంటున్నారు, ఏమిటది?

2018 నవంబర్‌లో భువనేశ్వర్‌లో మో బస్ మొదలైంది, ఇప్పుడు దాని పేరు అమ బస్. ప్రైవేటు ఆపరేటర్ బస్సు నడుపుతాడు, టికెట్ డబ్బు సర్కారు సంస్థకు పోతుంది, ఆపరేటర్‌కు నడిపిన కిలోమీటర్ చొప్పున చెల్లిస్తారు. బస్సు నిండినా నిండకపోయినా ట్రిప్పు ఎగ్గొడితే అతనికే నష్టం. 2022లో దీనికి ఐక్యరాజ్యసమితి పబ్లిక్ సర్వీస్ అవార్డు వచ్చింది. 2023 అక్టోబర్‌లో పంచాయతీలను బ్లాకు కేంద్రాలతో కలిపే లక్ష్మి బస్సులు తెచ్చారు, ప్రభుత్వం మారాక ఆ పథకం పేరు కూడా మారింది.

కేంద్రం 2023 ఆగస్టులో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ కూడా ఇదే దారి. 10 వేల ఎలక్ట్రిక్ బస్సులు, మొత్తం 57,613 కోట్లు, అందులో కేంద్రం వాటా 20 వేల కోట్లు. పెద్ద బస్సుకు కిలోమీటర్‌కు 24 రూపాయలు, మధ్యరకానికి 22, చిన్నదానికి 20 చొప్పున కేంద్రం ఇస్తుంది. కాకపోతే ప్రధానంగా 3 లక్షల పైన జనాభా ఉన్న నగరాలకు. చంద్రపూర్ ఆ గీత పైన పడుతుంది, 15 కిలోమీటర్ల దూరంలోని బల్లార్‌పూర్ కింద పడుతుంది. రెండూ ఒకే రోజువారీ ప్రయాణంలో భాగమని ఆ గీతకు తెలియదు కాబట్టి, రూట్లు వేసేటప్పుడు మనమే గట్టిగా చెప్పాలి.

ముంబయికి అన్ని వేల కోట్లెందుకు? మనకు కొంచెం ఇవ్వొచ్చు కదా?

ఆ కోపం నాకు అర్థమవుతుంది, కానీ మొత్తాలను పోల్చొద్దు. ముంబయి లోకల్‌లో రోజుకు 70 లక్షల పైన జనం, 3 వేల సర్వీసులు. అక్కడి ప్రాజెక్టుల కోసం 1999లో రైల్వే, మహారాష్ట్ర ప్రభుత్వం 51, 49 శాతం వాటాలతో ఒక కార్పొరేషన్ పెట్టుకున్నాయి. తలకు లెక్కేస్తే ఆ ఖర్చు మరీ ఎక్కువేం కాదు. ముంబయి నుంచి లాక్కోమని నేనడగను. అక్కడిలాగే ఇక్కడ కూడా ఖర్చు ఎవరు ఎంత భరిస్తారో ముందే రాసిపెట్టుకోమని అడుగుతాను.

ముంబయి నుంచి నేర్చుకోవాల్సిన ఇంకో సంగతి బెస్ట్ అనే నగర బస్సు సంస్థది. 2019 జులైలో కనీస టికెట్ 5 రూపాయలకు తగ్గించారు. జనం ఎగబడ్డారు. కానీ ఒకప్పుడు 4 వేల పైనున్న బస్సులు తగ్గుతూ 3 వేల లోపుకు వచ్చాయి, స్టాపుల్లో ఎదురుచూపులు పెరిగాయి. 2025 మేలో కనీస టికెట్ మళ్లీ 10 రూపాయలైంది. టికెట్ తగ్గించి బస్సులు పెంచకపోతే వచ్చిన జనాన్ని నిలబెట్టుకోలేం.

బల్లార్షా నుంచి ఎంఎంటీఎస్ లాంటి లోకల్ రైలు వేయించలేమా?

వేయించొచ్చు, కానీ తేలిక కాదు. హైదరాబాద్ ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో మొదలైంది. మొదటి దశ ఖర్చు రైల్వే, రాష్ట్రం సగం సగం పెట్టుకున్నాయి. రెండో దశలో రాష్ట్రానిది మూడింట రెండొంతులు. ఆ వాటా దగ్గరే ఏళ్ల తరబడి పని నత్తనడక నడిచి, 2023 ఏప్రిల్‌కు గానీ కొత్త సర్వీసులు పట్టాలెక్కలేదు. దేశంలోని పెద్ద నగరాల్లో ఒకటైన హైదరాబాద్‌కే ఇలా అయితే మన సంగతి ఊహించుకోండి.

పైగా మన లైను మీద బొగ్గు గూడ్సులు, దూరపు ఎక్స్‌ప్రెస్‌లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. బల్లార్షాకు ఉత్తరాన నాగ్‌పూర్ డివిజన్, దక్షిణాన సికింద్రాబాద్ డివిజన్, కాబట్టి చంద్రపూర్ నుంచి కాగజ్‌నగర్‌కు ఒక చిన్న రైలు నడపాలన్నా ఇద్దరు ఒప్పుకోవాలి. కాజీపేట వైపు మూడో లైను, 4,819 కోట్లతో మంజూరైన 240 కిలోమీటర్ల గోండియా డబ్లింగ్ పూర్తయితే ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీని గూడ్సులకే ఇచ్చేయకుండా పొద్దునొకటి, సాయంత్రమొకటి ప్యాసింజర్ కావాలని ఇప్పటినుంచే అడగాలి. కోవిడ్ కాలంలో 30 రూపాయలు చేసిన ప్యాసింజర్ కనీస టికెట్ 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10కి తగ్గింది. టికెట్ అందుబాటులోనే ఉంది, కావాల్సింది రైలు.

సిరోంచ సంగతేమిటి?

సిరోంచది అన్నిటికంటే కష్టమైన లెక్క. జిల్లా కేంద్రం గడ్‌చిరోలి 200 కిలోమీటర్ల పైమాటే, మధ్యలో అడవి. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, ప్రాణహిత దాటితే మంచిర్యాల జిల్లా. వైద్యానికి, సరుకులకు, పెళ్లి సంబంధాలకు జనం తెలంగాణ వైపే వెళ్తారు. మహారాష్ట్ర డిపోకు ఇది రూటు చివరి కొస, తెలంగాణ డిపోకు పక్క రాష్ట్రం. ఇద్దరి కాగితాల్లోనూ అంచునే ఉండే ఊరికి భారమాన్ మీదే బస్సు వేస్తామంటే ఎప్పటికీ సరిపడా రాదు.

జీపులు, కాళీ పీలీలు (షేర్ టాక్సీలు) ఉన్నాయి కదా?

ఉన్నాయి, అవి లేకపోతే చాలా ఊళ్లు కదలవు. కానీ నిండితేనే బయల్దేరతాయి, పాసు ఉండదు, రాయితీ ఉండదు, చీకటి పడితే దొరకవు.

సమ్మె తర్వాత ఎస్టీకి జనం తగ్గారెందుకు?

2021 అక్టోబర్ చివర్లో మొదలైన ఎస్టీ కార్మికుల సమ్మె 2022 ఏప్రిల్ దాకా సాగింది. కార్మికుల బాధలు నిజమైనవి, వాళ్ల మీద నింద వేయను. అయితే ఆ ఆరు నెలల్లో బండి కొన్నవాడు తిరిగి బస్టాండుకు రావాలంటే మునుపటికంటే మంచి సర్వీసు కనిపించాలి. అది కనిపించకుండానే 2025 జనవరిలో టికెట్లు 14.95 శాతం పెరిగాయి.

ఒక రూటుకు రోజంతా బస్సు నడపాలంటే ఎంత డబ్బు కావాలి?

లెక్క వేద్దాం, అంకెలు కేవలం ఉదాహరణకే. టౌను నుంచి 20 కిలోమీటర్ల రూటు, రోజుకు నాలుగుసార్లు రానూ పోనూ. 160 కిలోమీటర్లు. కిలోమీటర్‌కు 60 రూపాయల ఖర్చనుకుంటే రోజుకు 9,600. కిలోమీటర్‌కు 35 రూపాయలు వస్తే ఆదాయం 5,600. లోటు 4,000, ఏడాదికి 14.6 లక్షలు.

ఆ రూటు మీద పది ఊళ్లున్నాయనుకుంటే, వాటన్నిటికీ పొద్దుటినుంచి రాత్రిదాకా బస్సుకు పడే లోటు అంతే. ఒక సిమెంటు రోడ్డు ముక్కకు ఎంత మంజూరవుతుందో మీ పంచాయతీలో బోర్డు మీద రాసి ఉంటుంది, పక్కన పెట్టి చూడండి.

ఆ డబ్బు ఎవర్ని అడగాలి?

ముందుగా జిల్లా ప్లానింగ్ కమిటీని. ఇలాంటి దానికి మన దగ్గర దారి ఇదివరకే ఉంది: మానవ్ వికాస్ అనే రాష్ట్ర పథకం కింద వెనకబడిన 125 తాలూకాలకు ఐదేసి చొప్పున 625 నీలం బస్సులిచ్చారు, బడికెళ్లే ఆడపిల్లల కోసం. టికెట్ ఎంత వచ్చిందని చూడకుండా, బస్సు తిరగాలన్న ఉద్దేశంతోనే ప్రభుత్వం డబ్బు పెట్టిన పద్ధతి అది. దాన్నే రాత్రి ఏడింటి ట్రిప్పుకు, ఆసుపత్రి ట్రిప్పుకు విస్తరించమని అడగొచ్చు.

రెండోది జిల్లా ఖనిజ నిధి. 2015లో చట్టం మార్చి పెట్టారు, గనులవాళ్లు రాయల్టీ మీద అదనంగా కట్టేది అందులో జమవుతుంది. బొగ్గున్న చంద్రపూర్‌కు ఇది పెద్ద మొత్తమే. చదువు, ఆరోగ్యం ఆ నిధి మొదటి ప్రాధాన్యాల్లో ఉన్నాయి, కాబట్టి అర్జీలో బడి ప్రయాణం, ఆసుపత్రి ప్రయాణం అని స్పష్టంగా రాయండి. ఉత్త "బస్సు కావాలి" అంటే పక్కన పడేస్తారు. గ్రామసభ తీర్మానం జతచేస్తే బలం.

డిపో నుంచి లెక్కలు ఎలా తెప్పించుకోవాలి?

సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు. నష్టమెంత అని అడగొద్దు, రాష్ట్రమంతటి అంకె పంపిస్తారు. మీ రూటు పేరు రాసి, గత పన్నెండు నెలల్లో నెలవారీగా వేయాల్సిన కిలోమీటర్లు, నిజంగా నడిచినవి, రద్దయిన ట్రిప్పులు, వాటి కారణం, ట్రిప్పువారీ భారమాన్ అడగండి. రద్దులకు కారణం బస్సు లేక అని ఉందా, డ్రైవర్ లేక అని ఉందా, ప్రయాణికులు లేక అని ఉందా అన్నది చూడండి. మొదటి రెండూ అయితే మీ ఊరి జనం తప్పేమీ లేదని వాళ్ల కాగితమే చెబుతున్నట్టు.

ఆ అర్జీ తెలుగులో రాయొచ్చా?

చట్టం ప్రకారం ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాష, అంటే మనకు మరాఠీ. ఇంట్లో బడికెళ్లే పిల్లలతో మరాఠీలో రాయించి, రూటు పేరు, ట్రిప్పు టైములు మీరు సరిచూసి సంతకం పెట్టండి. తీసుకున్నట్టు ముద్ర వేసిన కాపీ మీ దగ్గర ఉంచుకోండి.